శనివారం కుర్చీ

మొన్న కర్నూల్లో మా వీధి చివర ఉన్న గ్రంథాలయంలో కూర్చొని పేపరు తిరగేస్తున్నాను. లోపలి గదిలో ఎవరో కొయ్య కుర్చీని నాపరాళ్ళ నేల మీద బర్రున ఈడ్చారు. ఆ చప్పుడు ఏమంత ఇంపుగా ఉండదు, పళ్ళు జివ్వుమంటాయి. చుట్టూ ఉన్న పెద్దమనుషులు ముఖాలు చిట్లించుకున్నారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. మోకాళ్ళ నొప్పులతో బల్ల పట్టుకుంటే తప్ప లేవలేని ముసలిదాన్ని, బడిపిల్లలాగా చటుక్కున లేచి చేతులు కట్టుకున్నాను. పక్కనున్నాయన కంగారుపడి "ఏమన్నా కావాల్నా అమ్మా?" అని అడిగాడు. "ఏం లేదప్పా, కుర్చీ చప్పుడు ఇనపడింది" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ చప్పుడుకు లేచి నిలబడేవాళ్ళు ఇప్పుడు ఎందరు మిగిలారో నాకే తెలియదు. మా రుక్మిణమ్మ టీచరు శనివారం చివరి పీరియడులో తన కుర్చీని తానే లాగి, వేరొకరి కోసం వేసేటప్పుడు అచ్చం అలాగే వినపడేది, మేమంతా లేచి నిలబడేవాళ్ళం.

మాది ఆత్మకూరు. నల్లమల నుంచి దిగే వెదురు కొని అమ్మడం మా నాయన పని. కర్నూలు రాజధాని అయినప్పుడు ఊరంతా గుడారాలూ పాకలూ లేచాయి. ఆఫీసులకు పందిళ్ళు కావాలి, పందిళ్ళకు వెదురు కావాలి. నాయన కర్నూల్లోనే అడితి పెట్టి, ముందు పంచలో వ్యాపారం, వెనక రెండు గదుల్లో కాపురంగా మమ్మల్ని కూడా తీసుకొచ్చాడు. మమ్మల్ని అంటే నన్ను, అమ్మను, మా జేజిని, అంటే నాయనను కన్న తల్లిని. రాజధాని వల్ల ఎవరు బాగుపడ్డారో నాకు తెలియదు గానీ, ఆత్మకూరులో ఉండి ఉంటే ఏనాడో మానేయవలసిన చదువు నాకు ఐదో ఫారం దాకా సాగింది. అక్కడితో సరి అని జేజి తేల్చేసింది. ఆత్మకూరులో మా దూరపు బంధువుల అబ్బాయి ఉన్నాడు, మాఘమాసంలో ముహూర్తం. ఆరో ఫారం ముగించి ఎస్సెల్సీ పరీక్ష రాయాలని నాకు ప్రాణం కొట్టుకుంటుండేది. "రాసి ఏం జేస్తావే? కలెక్టరు ఉద్యోగం జేస్తావా?" అని జేజి నవ్వేది. నాయన నవ్వేవాడు కాదు, అలాగని అడ్డమూ చెప్పేవాడు కాదు. అమ్మ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి.

రుక్మిణమ్మ టీచరుది కడప. బడిలో మాకు తెలుగు చెప్పేది. పొడగరి, చామనచాయ, ఎడమ చేతికి మగవాళ్ళ గడియారం. కోపం వస్తే సుద్దముక్క గురి చూసి విసిరేది, గురి తప్పేది కాదు. ఆమె నాన్న కడప కోర్టులో ఏదో పని చేసేవాడట. ఇంటి ముందు అరుగు మీద ఉరుదూ మాట్లాడేవాళ్ళు, అరవం మాట్లాడేవాళ్ళు, మన మాటే మనకు తెలియని యాసలో మాట్లాడేవాళ్ళు పొద్దస్తమానం కూర్చొని ఉండేవారట. అక్కడ తగులుకుంది ఆమెకు ఈ పిచ్చి. ఒకే అక్షరాలు, ఒకే పలుకు, కానీ గడప దాటితే వేరే అర్థం అయిన మాటలంటే ఆమెకు తిండి అక్కర్లేదు. అయితే అలాంటి మాటను పుస్తకంలోంచి ఏరి చెప్పడం ఆమెకు ఇష్టం ఉండదు. ఆ మాటను ఏ ఇంట్లో వాడతారో ఆ ఇంటి మనిషే వచ్చి చెప్పాలి. అందుకోసమే శనివారం.

మొదటి శనివారం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బడి ఎదురుగా అత్తర్లు అమ్మే ఒక ముసలి సాయెబు ఉండేవాడు, అరబ్బీ పారసీ చదువుకున్నాయన. ఆయనను ఆడపిల్లల తరగతిలోకి పిలుచుకొచ్చిందంటేనే మేం గుడ్లప్పగించి చూశాం. ఆయన గుమ్మం పక్కన గోడకు అంటుకొని నిలబడ్డాడు. టీచరు తన కుర్చీని బర్రున లాగి తరగతి నడుమ వేసి, "కూచో సాయెబూ" అంది.

"మీ కుర్చీలో నేనెట్ల కూచునేదమ్మా?" అన్నాడాయన బెదిరిపోయి.

"మాట తెచ్చినోళ్ళు చుట్టాలు. చుట్టాన్ని నిలబెట్టి ఇంటోళ్ళు కూచుంటారా యాడన్నా?" అంది. అని, వచ్చి మొదటి బెంచీలో నన్ను పక్కకు జరిపి నా పక్కనే కూర్చుంది. టీచరు మోచేయి నా మోచేతికి తగులుతోంది. టీచరు బెంచీలో, అత్తర్ల సాయెబు కుర్చీలో! లోకం తలకిందులైనట్టు అనిపించింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. టీచరు వెనక్కి తిరగకుండానే అంది: "నవ్వొస్తే బయటికి పోయి నవ్వుకోని రాండి. చుట్టం ముందర నవ్వితే ఆ మాట మళ్ళా మనింటికి రాదు."

చుట్టం చెప్పిన మాటను టీచరు ముందుగా, చుట్టం పలికినట్టే పలికేది. తర్వాత మేమంతా పలకాలి. అదొక్కటే ఆ పీరియడుకు నియమం. సాయెబు ఆ రోజు తెచ్చిన మాట గరీబు. దానికేముంది, బీదవాడు అనుకున్నాం. "ఉరుదూలో అంతే. అది పుట్టిన అరబ్బీలో గరీబంటే దుడ్లు లేనోడు కాదమ్మా. తన ఊరు ఇడిసిపెట్టి పరాయి ఊర్లో ఉన్నోడు. ఆని మాట ఆడ ఎవురికీ తెలీదు, ఆడోళ్ళ మాట ఆనికి తెలీదు. ఆడు గరీబు" అన్నాడాయన. టీచరు "గరీబు" అని పలికింది. మేం పలికాం. ఆ రోజంతా నాకు తల తిరిగినట్టుంది. రోజూ నోట్లో నానే మాట కూడా ఎవరింటి నుంచో నడిచొచ్చిందేనా? వచ్చేటప్పుడు దారిలో సగం మూట పారేసుకుందా?

ఆ తర్వాత శనివారాలు వచ్చాయంటే భయమూ సంబరమూ రెండూను. హిందీ చెప్పడానికి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ఒకామె కుర్చీలో కూర్చొని, తమ వైపు శిక్ష అంటే చదువు అంది. సంస్కృతంలోనూ అంతేనట, మన దగ్గరికొచ్చాకే అది దండనగా మారిందట. మేం నోళ్ళు తెరిచాం. ఇంటికొచ్చి జేజికి చెబితే "మంచి మాటే. నీ చదువు నాకు శిచ్చే గదా" అని తేల్చేసింది. ఆసుపత్రిలో పనిచేసే అరవ నర్సమ్మ ఒకరోజు వచ్చి కుర్చీ అంచు మీద కూర్చొని, అవసరం అవసరం అంటూనే మాట చెప్పి పరుగున వెళ్ళిపోయింది. ఆమె తొందరలో ఉందని, వాళ్ళ అవసరానికి అర్థమే తొందర అని, ఆమె వెళ్ళాక గానీ మాకు తెలియలేదు. ఆ వారమంతా బడిలో ఎవరు పరుగెత్తినా "అవసరమా?" అని అరుచుకున్నాం. నవ్వులాటే గానీ లోపల మాత్రం నాకు ఏదో కదిలిపోయేది. నేలనుకొని నడుస్తున్నది పడవ అని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఇక మా అమ్మ. పేరు గౌరమ్మ. ఎద్దుల కోసం బళ్ళారి వైపు సంతలకూ పరసలకూ పోయే మా తాత, అక్కడ తరతరాలుగా స్థిరపడిన మన వాళ్ళ ఇంట్లో ఆమెను చూసి కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో తెలుగు ఎప్పుడో పోయింది. పెళ్ళికూతురుగా ఆత్మకూరులో బండి దిగి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, ఇంటిముందు అరుగు చూపించి "కట్టె మేలె కూర్లా?" అని అడిగిందట. వాళ్ళ భాషలో కట్టె అంటే అరుగు. మా వాళ్ళకు కట్టె అంటే పొయ్యిలో పెట్టేదే. "కోడలు కట్టెల మింద కూచుంటాదంట!" అని పెళ్ళివాళ్ళంతా కడుపు పట్టుకొని నవ్వారట. ఎవరో కుర్రవాడు నిజంగానే ఒక కట్టెల మోపు తెచ్చి ముందర వేశాడట కూడా. జేజి చెడ్డ మనిషి కాదు. కానీ ఈ కథను ఆమె ప్రతి పెళ్ళిలో, ప్రతి పురిటిలో చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అందరూ నవ్వేవాళ్ళు, అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళేది. ఆమె మాటలకు మా ఇంట్లో "పడమటి కూతలు" అని పేరు. రాను రాను ఆమె ఆ కూతలు కూడా మానేసింది. అవునంటే తల ఊపేది, కాదంటే ఊపేది కాదు. నాకు అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఎవరూ లేకుంటే మెల్లగా "ఊట" అనేది, "సాకా?" అని అడిగేది. ఇక చాలా అని అడుగుతోందని చేతి సైగను బట్టి తెలిసేది. అవి అమ్మ కల్పించుకున్న మాటలని, తెలుగు సరిగా రాక తప్పుగా పలుకుతోందని నా నమ్మకం.

ఒకసారి వ్యాసంలో చేయి జారి "మా అమ్మ నాకు ఊట పెట్టింది" అని రాశాను. టీచరు నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. సుద్దముక్క విసిరేస్తుందని బిక్కచచ్చిపోయి నిలబడ్డాను.

"శాంతా, ఊట అంటే ఏందమ్మే?"

"బావిలో ఊరే నీళ్ళు టీచర్."

"మరి మీయమ్మ నీకు బాయినీళ్ళు పెట్టి పెంచతాండాదా?"

తరగతి నవ్వింది. నాకు సిగ్గేసింది. "అన్నం అనడానికి అట్లంటాది టీచర్. మా అమ్మకు మాటలు సరింగ రావు" అన్నాను.

ఆమె కలం కింద పెట్టింది. "రాకపోవడమేంది? అది కన్నడం. కోట్లమంది అన్నానికి కూచునేటప్పుడు అనే మాట. మీయమ్మకు మాటలు రావని నీకు ఎవురు చెప్పినారు?" అంది. ఎవరు చెప్పారని చెప్పను? అందరూ చెప్పారు. నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అమ్మ తప్పు అనుకున్నది ఒక భాష అని, దానికి బళ్ళున్నాయి, పుస్తకాలున్నాయి, రాజ్యాలున్నాయి అని ఆ రోజు దాకా నాకు తట్టనే లేదు. ఆ మధ్యే రాష్ట్రాలు విడిపోయి బళ్ళారి మైసూరులో కలిసిందని నాయన పేపరు చూసి చెప్పగా విన్నాను కూడా. అమ్మ పుట్టిల్లు అటుపోయిందని తెలుసు. అమ్మ మాట కూడా అక్కడిదేనని తెలియలేదు. ఇంత మొద్దుగా ఉంటారా మనుషులు?

ఆ వారమే టీచరు మా అడితికి వచ్చింది. నా పెళ్ళి మాట ఎవరి ద్వారానో ఆమె చెవిన పడింది. జేజి మర్యాదగా మంచం వేసి, మజ్జిగ ఇచ్చి, "పిల్ల తెలివైందే తల్లీ, కాదనను. కానీ సంబంధం మళ్ళా వస్తాదా?" అంది. నాయన వెదురుబొంగులు లెక్కబెట్టే నెపంతో బయటికి వెళ్ళాడు. టీచరు ఎంత చెప్పినా జేజి నవ్వుతూనే కాదంది. వెళ్ళేటప్పుడు, టీచరు చేతిలో తెచ్చి మంచం మీద మరచిపోయిన పుస్తకాన్ని అమ్మ తలుపు చాటునుంచి వచ్చి తీసి అందించింది. టీచరు అందుకొని ఒక్క క్షణం ఆగి, అమ్మ ముఖం చూసి వెళ్ళిపోయింది. మరునాడు బడిలో నాతో అంది: "వచ్చే శనివారం మీయమ్మను పిల్చుకోని రా. ఆమె మనకు చుట్టం."

ఇంతకంటే నన్ను బండ కింద పెట్టి ఉంటే నయం. నోట్లో నాలుక లేని మా అమ్మ, అందరి ముందూ, టీచరు కుర్చీలో! తరగతిలో పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు మళ్ళీ అమ్మ వినాలి. అమ్మకు చెబితే "సాకు, సాకు" అని చేతులు అడ్డంగా ఊపింది. నేనూ అదే మేలనుకున్నాను. కానీ జేజి ముహూర్తం మాట్లాడడానికి ఆత్మకూరు బస్సెక్కిన మరునాడు, శనివారం పొద్దున, అమ్మ పెట్టె అడుగునుంచి పుట్టింటి ఇల్కల్ చీర తీసి కట్టుకొని నా ముందు నిలబడింది. పద అన్నట్టు తల ఊపింది.

తరగతిలో అడుగు పెట్టగానే అమ్మ గుమ్మం పక్కన నేల మీద కూర్చోబోయింది. కుర్చీ బర్రుమంది. టీచరు వచ్చి అమ్మ మోచేయి పట్టుకొని లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. తాను వచ్చి నా పక్కన బెంచీలో కూర్చుంది. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని నేల చూసింది. "మీకు ఇష్టమైన మాట ఒకటి చెప్పమ్మా" అంది టీచరు. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు వినపడింది.

"కట్టె."

ఆ మాటే ఎందుకు ఎంచుకుందో! కానీ టీచరు నిదానంగా, అమ్మ పలికినట్టే "కట్టె" అంది. తరగతి మొత్తం "కట్టె" అంది. అమ్మ తలెత్తింది. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు మా అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

అది మా అమ్మ గొంతు కాదు. అంటే, నాకు తెలిసిన గొంతు కాదు. నిండుగా, గలగలా, నడుమ నడుమ తనకే నవ్వొచ్చి ఆగుతూ సాగిపోయే గొంతు. పుట్టినప్పటి నుంచి ఈ మనిషి ఒళ్ళో పెరిగాను, ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు! కన్నడమూ తెలుగూ కలిపేసి చెబుతోంది, సగం అర్థమవుతోంది, మిగతా సగం చేతులు చెబుతున్నాయి. వాళ్ళ ఇంటిముందు రాతికట్టె, సాయంత్రమైతే దానిమీద ఊరి మగవాళ్ళు, నడుమ వాళ్ళ నాయన. ఆయనకు చూపు మందగించింది. బళ్ళారి నుంచి పాత పేపరు వస్తే, పక్కన కూర్చొని అందరికీ చదివి వినిపించేది ఆయన కూతురు. అంటే తను.

మా వెనక బెంచీ పిల్ల ఉండబట్టలేక "అంటే మీకు చదవను వస్తాదా?" అని అడిగేసింది.

అమ్మ లేచింది. టీచరు సుద్దముక్క అందించింది. మా అమ్మ, రిజిస్ట్రాఫీసులో నాయన వెనక నిలబడి నల్లసిరాలో బొటనవేలు అద్దే మా అమ్మ, నల్లబల్ల మీద గుండ్రంగా, తీరుగా అక్షరాలు రాసింది. కన్నడ అక్షరాలు. మాకు నేర్పనివి. అయినా తరగతి తరగతంతా ఒక్క గొంతుతో చదివేసింది: "ఊట." ఒంపులో కాస్త తేడా, అంతే. మన అక్షరాలే, మన మాటే. అర్థం మాత్రం మనది కాదు. మన వైపు నేలలోంచి ఊరేది, ఆమె వైపు విస్తట్లో వడ్డించేది. ఈ ఎండు సీమలో ఆ రెంటి కోసమే గదా మనుషులు బతికేది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. నా చేతులు నా మాట వినలేదు.

ఈ సంగతి మాకంటే ముందే అడితికి చేరింది. జేజి మరునాడు ఆత్మకూరు నుంచి దిగేసరికి పక్కింటివాళ్ళు వీధిలోనే చెప్పేశారు. "బళ్ళో కుర్చీ మింద కూచున్యావంట? మగోళ్ళు తిరిగే జాగాలో!" అని పంచలోకి వస్తూనే అరిచింది. "ఏం జూసుకోని ఈ మిడిసిపాటు? ఆడ ముహూర్తం పెట్టుకోని వస్తిని నేను." నాయన బొంగుల దగ్గర నిలబడి ఉన్నాడు. మా ఇంట్లో కుర్చీ ఒకటే, వ్యాపారానికి వచ్చినవాళ్ళ కోసం పంచలో వేసింది. ఆడవాళ్ళు దానిమీద కూర్చున్నది లేదు. అమ్మ తలుపు చాటు నుంచి ముందుకు వచ్చి, ఆ కుర్చీని నాపరాళ్ళ మీద బర్రున లాగి, మా అందరి నడుమ వేసుకొని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకొని, అత్త ముఖంలోకి చూసి చెప్పింది.

"నన్న మగళు ఓదబేకు."

నా కూతురు చదవాలి. ఎవరూ అర్థం అడగలేదు. ఎవరూ నవ్వలేదు. జేజి మాటలు వెతుక్కోవడం నేను చూసింది అదే మొదలు. "ఇదేం విడ్డూరమే తల్లీ" అని గొణిగి మంచం మీద కూలబడింది. నాయన మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"నీకు రాయను వస్తాదంట గదా?"

అమ్మ తల ఊపింది.

"మరి ఇన్నేండ్లూ చెప్పకపోతివే? ఏలు ముద్రేస్తాంటివే!"

"యారూ కేళ్లిల్ల" అంది అమ్మ. ఎవరూ అడగలేదు.

నాయన తన చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఎన్నిసార్లు ఆ చేతులే అమ్మ బొటనవేలు పట్టి సిరాలో ముంచి ఉంటాయో. తర్వాత జేజితో, "అమ్మా, ఆళ్ళకు కబురు పంపు. పిల్ల ఆరో ఫారం అయ్యేదాకా ఆగేటట్టయితే మాట్లాడుకుందాం. ఆగకపోతే ఆళ్ళ దోవ ఆళ్ళది" అన్నాడు. వాళ్ళు ఆగలేదు. నా అదృష్టం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, మా అమ్మ రచ్చ గెలిచి వచ్చి ఇంట గెలిచింది. జేజి చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఉన్నట్టుండి ఒక మధ్యాహ్నం అలసందలు వొలుస్తూ, "ఏమే గౌరీ, ఆ కట్టె మింద ఇంకా ఎవురెవురు కూచునేటోళ్ళు?" అని అడిగింది. అమ్మ చెప్పింది. పొద్దు వాలేదాకా చెప్పింది. ఆ తర్వాత జేజి ఏ పెళ్ళిలోనూ కట్టెల కథ చెప్పలేదు.

నేను ఎస్సెల్సీ రాశాను, ఆ పైనా చదివాను, బడిపంతులమ్మనయ్యాను. రాజధాని హైదరాబాదుకు పోయింది, పాకలు పీకేశారు, నాయన అడితి చిన్నదైపోయింది. టీచరు బదిలీ మీద కడపకు వెళ్ళింది. ఉత్తరాలు రాయడం ఆమెకు నచ్చేది కాదు, కాబట్టి చాలా ఏళ్ళు చూసుకోలేదు. అమ్మ చనిపోయిన నెలకు, ఎందుకో ఆమెకు చెప్పాలనిపించి కడప బస్సెక్కాను. రిటైరై ఒక్క గదిలో ఉంటోంది. గదిలో ఒకే కుర్చీ. నన్ను చూడగానే దాన్ని బర్రున లాగి వేసి, తాను చాప మీద కూర్చుంది.

"నేను కింద కూచుంటా టీచర్" అన్నాను.

"గమ్మున కూచోమ్మే. ఈపొద్దు చుట్టానివి నువ్వు" అంది. గొంతు అంతే ఉంది. సుద్దముక్క ఒక్కటే తక్కువ.

అమ్మ పోయిందని చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చింది. చాలా కాలంగా అడగాలనుకున్నది అడిగాను: అమ్మకు చదువొచ్చని మీకెలా తెలిసింది? "ఆపొద్దు మీ ఇంట్లో పుస్తకం అందించింది గదా. తలకిందులుగా ఉండేదాన్ని తిప్పి, అచ్చరాలు నావైపు పెట్టి ఇచ్చింది. చదువు రానోళ్ళకు అచ్చరాలకు తలా కాళ్ళూ ఉండవమ్మే" అంది. బడిలో చేరినప్పటి నుంచి నా పుస్తకాలన్నీ రోజూ సర్దిపెట్టింది అమ్మే. ఏ ఒక్కటీ ఎన్నడూ తలకిందులుగా ఉండేది కాదు. మా ఇంట్లో ఎవరమూ చూడనిది, మజ్జిగ తాగడానికి వచ్చిన మనిషి ఒక్క క్షణంలో చూసింది.

"పోయేటప్పుడు ఏమన్నా చెప్పిందా మీయమ్మ?" అని అడిగింది.

"ఆఖర్న నన్ను చూసి, 'ఊట ఆయ్తా?' అని అడిగింది టీచర్. అంతే."

అన్నం తిన్నావా అని. రుక్మిణమ్మ టీచరు చాప మీద నిటారుగా కూర్చుంది. నావైపు చూసి, మా అమ్మ పలికినట్టే పలికింది. "ఊట ఆయ్తా?"

నియమం ప్రకారం ఇప్పుడు నేను పలకాలి. నోరు తెరిచాను. కానీ నా నోట్లోంచి ఆ మాట రాలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని, అమ్మ పోయాక నన్ను ఎవరూ ఆ మాట అడగలేదని అప్పుడే తెలిసింది. "ఇంకా లేదు టీచర్" అన్నాను. అని, కుర్చీలో కూర్చొనే ఏడ్చాను. ఆమె లేచి వెళ్ళి సంకటి ముద్ద, చట్నీ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తినేదాకా కిందనే కూర్చొని ఉంది.

ఆమె కూడా పోయి చాలా కాలమైంది. నా దగ్గర ఆమె ఫోటో కూడా లేదు. నాకు మిగిలింది ఆ ఆచారం ఒక్కటే. పాఠం చెప్పినన్నాళ్ళూ నా తరగతిలో శనివారాలు నడిపాను. ఇప్పుడు మా వీధికి పనికోసం ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు, ఒరియావాళ్ళు, బీహారువాళ్ళు, పడమటివాళ్ళు. వాళ్ళ మాటలకు పిల్లలు నవ్వుతుంటారు. ఎవరైనా మా గుమ్మం ముందు నిలబడి నీళ్ళడిగితే, ముందు కుర్చీ లాగుతాను. మోకాళ్ళు కలుక్కుమంటాయి, నాపరాళ్ళు బర్రుమంటాయి. నేను గుమ్మంలో కింద కూర్చొని అడుగుతాను: "ఊట ఆయ్తా?" అర్థం కాకపోయినా, లేదని తల అడ్డంగా ఊపుతారు.